అమలాపురం కాలువ పక్క మేడమీద హాలు: సంగీతం మేష్టార్ల ఆదివారం కూడికకు ఎంతవరకు పనికొస్తుంది?

హాలు మంచిదే. దాంతోపాటు ఇచ్చే మైకుసెట్టులో సగం వద్దని చెప్పగలిగినవాళ్లకు ఇంకా మంచిది. బారసాలలకీ, నిశ్చితార్థాలకీ, చీటీపాటల మీటింగులకీ కట్టిన హాలు ఇది, పాటకచేరీల కోసం కట్టలేదు. అయినా ఏడెనిమిది మంది సంగీతం టీచర్లు ఆదివారం పొద్దున్న కూడి, టిక్కెట్టూ సభా లేకుండా తమలో తాము పాడుకుని వాయించుకోవడానికి చోటు కావాలంటే ఇది చూడదగ్గదే. ఐదుకి మూడున్నర చుక్కలు. పోయిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద ఉంది.

ఊరు అందరికీ కుదురుతుంది. కాకినాడ వైపువాళ్లు యానాం–ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం మీదుగా, పాలకొల్లు, భీమవరం వాళ్లు చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు నుంచి, రాజమండ్రి, తణుకు వాళ్లు రావులపాలెం నుంచి తొమ్మిదికల్లా చేరిపోవచ్చు. నరసాపురం వాళ్లకి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దగ్గరదారే. కానీ వీణ చేతిలో ఉంటే ఆ దారి తలపెట్టకండి. చుట్టుదారైనా చించినాడే నయం.

ఆదివారం పొద్దున్న 9 నుంచి ఒంటిగంట దాకా సగం పూట కింద లెక్కేస్తారు. హాలుకి 3,000, మైకుసెట్టుకి 1,500, ఏసీ వేస్తే గంటకి 300. ఎనిమిది మంది పంచుకుంటే ఏసీ, టిఫిన్లు కాకుండా మనిషికి ఆరువందల లోపే. జంబుఖానాలు ఆరు, ప్లాస్టిక్ కుర్చీలు నలభై, తెల్లబోర్డు, మంచినీళ్ల క్యాను అందులోనే. మైకుసెట్టు అక్కర్లేదన్నా ఆ పదిహేను వందలూ తగ్గించరు. సరే, తీసుకోండి. అందులో ఎంత విప్పించాలో మాత్రం మీరే చెప్పాలి.

ముందు గదిని అర్థం చేసుకోవాలి. పొడుగు 45 అడుగులు, వెడల్పు 24, ఎత్తు పదకొండు. పైన స్లాబు, కింద నున్నటి టైల్స్, గోడలకి ఉత్త ప్లాస్టరింగు. ఒక పొట్టిగోడ దగ్గర రెండడుగుల ఎత్తు ప్లైవుడ్ స్టేజీ. వచ్చినవాళ్లంతా అలవాటు కొద్దీ దాని మీదే జంబుఖానా పరిచేస్తారు. ఈ హాల్లో జరిగే తప్పులన్నీ అక్కడే మొదలు.

స్టేజీ మీద మృదంగం కొడితే ఆ దెబ్బ ఎదురు పొట్టిగోడకి తగిలి తిరిగి రావడానికి 90 అడుగుల ప్రయాణం. మన వేడిలో శబ్దం సెకనుకి దాదాపు 1,140 అడుగులు పోతుంది. అంటే గోడ నుంచి వచ్చే దెబ్బ సెకనులో పన్నెండు పదమూడో వంతు ఆలస్యంగా చెవిన పడుతుంది. ఆదితాళం క్రియకి, అంటే చేత్తో వేసే ఒక్కో తాళపు లెక్కకి, ఒక సెకను చొప్పున వేసుకుని, క్రియకి ఎనిమిది దెబ్బలు పడేలా ఫరన్, అంటే వేగంగా వాయించే వరస, ఎత్తుకున్నారనుకోండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది సెకనులో ఎనిమిదో వంతే. సరిగ్గా ఆ సందులోకి గోడదెబ్బ ఒకటి దూరుతుంది. కాలం పరిగెత్తిస్తున్నారని పాడేవాళ్లు మృదంగం వైపు చూస్తారు, ఈడ్చేస్తున్నారని మృదంగం మేష్టారు పాడేవాళ్ల వైపు చూస్తారు. నేరం ఎదురుగోడది. నమ్మకం కుదరకపోతే స్టేజీ మీద నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి, రెండు వినపడతాయి.

పైగా స్టేజీ కింద బోలు. మృదంగం ఎడమమూత ధోం అన్నప్పుడల్లా ప్లైవుడ్ కూడా ధోమంటుంది. వీణకి కాంటాక్టు మైకు అంటించి ఉంటే పక్కవాళ్లు తొడ మీద వేసే తాళం కూడా స్పీకర్లోంచి వస్తుంది.

అందుకని స్టేజీని చెప్పుల పెట్టెలకీ సంచులకీ వదిలేసి కింద నేల మీద కూర్చోండి. రోడ్డు వైపు పొడుగుగోడకి వీపు పెట్టి, కాలువ వైపు కిటికీలకి ఎదురుగా, హాలు పొడుగులో మూడోవంతు దగ్గర. రోడ్డు వైపు కిటికీలు మూసేస్తే ఆటోల హారన్లు చాలావరకు ఆగుతాయి. కాలువ వైపు నాలుగు కిటికీలూ బార్లా తెరిస్తే అటు వెళ్లిన శబ్దం అటే పోతుంది. కిటికీల మధ్య గోడకి తగిలి వచ్చేది కూడా నలభై అడుగుల ప్రయాణమే కాబట్టి అంత దగ్గరి ప్రతిధ్వనిని చెవి విడిగా పట్టుకోదు, గొంతు కాస్త నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. మిగిలిన జంబుఖానాల్ని మడత విప్పి కుర్చీల వీపుల మీద వేసి, రెండు పొట్టిగోడల ముందూ వరసగా నిలబెట్టండి. ఐదు నిమిషాల పని. ఇప్పుడు మళ్లీ చప్పట కొడితే తేడా మీకే తెలుస్తుంది.

కూర్పు గురించి ఒక ముక్క. నడుమ పాడేవారు, వారికి ఎడమన వయొలిన్, కుడిన మృదంగం అనే వరస ఎదురుగా సభ ఉన్నప్పటి ఏర్పాటు. ఇక్కడ వినేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకరే. ఒకరి వేళ్లు, ఒకరి ముఖం ఒకరికి కనపడాలి. పది పన్నెండు అడుగుల వెడల్పున గుర్రపు లాడం ఆకారంలో కూర్చుంటే సరిగ్గా కుదురుతుంది. లాడం మొదట్లో, అంటే గోడ దగ్గర, వీణ. అన్నిటికన్నా చిన్న శబ్దం దానిదే, చోటు మాత్రం ఇద్దరు మనుషులంత కావాలి. పాడేవాళ్లు దానికి అటూ ఇటూ. మృదంగం కుడివైపు కొసన, లోపలికి తిరిగి కూర్చుంటే కుడిమూత ఖాళీగా ఉన్న కిటికీల వైపు గురిపెట్టి ఉంటుంది. అదే ఎడమ కొసన కూర్చోబెడితే ఆ మూత తిన్నగా పక్కనున్నవాళ్ల చెవిలోకి కొడుతుంది. గంటసేపటికి వాళ్లు శ్రుతి వినడం మానేస్తారు. వయొలిన్ కమాను చెయ్యి తగలకుండా పక్కన రెండడుగులు వదలండి.

ఇక ఏసీ. ఈ హాలు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ దీని గురించే. యంత్రాలు బాగానే పనిచేస్తున్నాయి, పేచీ అంతా ఎప్పుడు వేస్తాం ఎప్పుడు ఆపుతాం అన్న దగ్గర. కింద కాలువ, చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు. వానాకాలమంతా కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ. మృదంగం తోలు ఆ చెమ్మ పీల్చి వదులై శ్రుతి దిగిపోతుంది. అలా దిగిన మృదంగాన్ని తెచ్చి, రాయీ చెక్కా తీసుకుని గట్టా గట్టా బిగించి, సరిగ్గా శ్రుతి కలిసిందనుకోగానే ఎవరో ఒకరు ‘అబ్బా, ఉక్క’ అని రిమోట్ నొక్కుతారు. అరగంటలో తోలు ఆరి కుడిమూత ఎక్కుతుంది. వీణ, వయొలిన్ ఉక్కు తీగలు చల్లదనానికి ముడుచుకుని అవీ కొంచెం ఎక్కుతాయి. వేణువు మాత్రం దిగుతుంది. గాలి చల్లబడితే శబ్దవేగం తగ్గుతుంది కాబట్టి ఒక శ్రుతికీ దాని పక్క అరశ్రుతికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, డిగ్రీకి దాదాపు మూడు భాగాలు కిందికి జారుతుంది. 32 నుంచి 25కి దిగితే ఇరవై భాగాలు. ఊపిరి వేడి కొంత కాపాడుతుంది, మొత్తం కాపాడలేదు. రోజూ పిల్లల అపశ్రుతులు దిద్దే చెవులకి అందులో సగం చాలు, ముల్లులా గుచ్చుకోవడానికి. ఎలక్ట్రానిక్ తంబురా ఒక్కటే ఎక్కదు, దిగదు, అందరి వైపూ అలా చూస్తూ ఉంటుంది.

దీనికి రెండే దారులు. ఒకటి, ముందురోజే వాచ్‌మన్‌కి ఫోన్ చేసి ఎనిమిది గంటలకే ఏసీ 27లో వేయించడం. ఆ గంటకీ మూడొందలు పడతాయి, పర్వాలేదు. రాగానే వాద్యాలు పెట్టెల్లోంచి, గలేబుల్లోంచి బయటికి తీసి ఇరవై, ముప్పై నిమిషాలు వాటి మానాన వదిలెయ్యాలి. ఆ తర్వాతే శ్రుతి. ఆపైన ఒంటిగంట దాకా రిమోట్ ఎవరికీ దొరక్కూడదు, తలుపు తెరిచి పెట్టకూడదు. కిటికీలు మూసేస్తారు కాబట్టి ఎదురుగోడ కాస్త గట్టిగా పలుకుతుంది, ఆ ముందు కూడా జంబుఖానా కుర్చీలు రెండు మూడు పెట్టుకోవాలి. రెండో దారి, అసలు ఏసీ జోలికే పోకుండా కిటికీలు తెరిచి ఫ్యాన్లు వేసుకోవడం. కార్తీకం నుంచి మాఘం దాకా ఇదే హాయి. ఇందులో చిక్కల్లా వేణువుకే. గాలి అడ్డంగా తగిలితే ముఖరంధ్రం మీద ఊపిరి చెదిరి తారస్థాయి పలకదు, పలికినా పీలగా ఉంటుంది. వేణువు మీద ఉన్న ఫ్యాను ఆపెయ్యాలి. ఆరు ఫ్యాన్ల స్విచ్చులకీ ఏది దేనిదో రాసి లేదు, అన్నీ నొక్కి చూసుకోవాల్సిందే.

ఏసీలో ఇంకో చిల్లర బాధ ఉంది. ఎడమమూతకి పెట్టిన రవ్వముద్ద గంటన్నరకే ఎండి పెచ్చులూడుతుంది, ధోం కాస్తా డబ్‌మంటుంది. తడిగుడ్డ దగ్గర ఉంచుకుని మధ్యమధ్య అద్దాలి. ఆ పెచ్చులు జంబుఖానా మీద రాలితే శుభ్రం చేయించడానికి రెండొందలు అడుగుతున్నారు. పాత పేపరొకటి కింద పరిస్తే ఆ గొడవ ఉండదు. కంజీర ఉన్నవాళ్లు వానాకాలంలో నీళ్లు అద్దేముందు ఒకసారి వాయించి చూడండి. చాలా రోజులు గాలే ఆ పని చేసేసి ఉంటుంది.

మైకుసెట్టులో ఉన్నవి: ఎనిమిది ఛానెళ్ల మిక్సరు, పాటకి వాడే డైనమిక్ మైకులు నాలుగు, పదిహేను అంగుళాల స్పీకర్లు రెండు, వాయించేవాళ్లకి తమది వినపడేలా పెట్టే మానిటరు స్పీకరు ఒకటి, వాద్యం వైరుని మిక్సరుకి పొత్తు కుదిర్చే డీఐ బాక్సు ఒకటి. ఆపరేటరు కుర్రాడు మర్యాదస్తుడు, చెప్పినమాట వింటాడు, టైముకి వస్తాడు. అయితే అతని చెయ్యి పెళ్లిళ్లకీ భజనలకీ అలవాటుపడింది. మిక్సరు ఆన్ చేస్తూనే ఎకో సగానికి, బేసు ముప్పావుకి వెళ్లిపోతాయి. ‘ఎకో తీసెయ్ బాబూ’ అంటే ‘ఎకో లేకపోతే గొంతు బాగోదు మేష్టారండీ’ అంటాడు. గోడలే కావలసినంత ఎకో ఇస్తున్న హాలు ఇది. మర్యాదగా, నవ్వుతూ, సున్నా దాకా తిప్పించండి.

అసలు సంగతి, ఈ గదిలో లాడం ఆకారంలో కూర్చున్న ఎనిమిది మందికి మైకు కావలసింది ఒక్క వీణకే. గొంతులు, వయొలిన్, వేణువు, మృదంగం నలభై అడుగుల దాకా మామూలుగానే వినపడతాయి. అందరికీ మైకులు పెట్టేస్తే ఏమవుతుందంటే, శబ్దం పెద్ద స్పీకర్లలోంచి బయటికి పోతుంది, వాయించేవాళ్లకి పక్కవాళ్లది వినపడదు, మానిటరు పెంచమంటారు, అది కూత పెడుతుంది, మైకు తగ్గిస్తారు, మళ్లీ వినపడదంటారు. ఇలా పన్నెండున్నర అవుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రావడానికి ముందుండే జాగా 3 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు మైకులు తెరిస్తే ఆరు పోయినట్టే.

వీణకి చెయ్యాల్సింది ఇది. కాంటాక్టు మైకు వైరుని తిన్నగా మిక్సర్లో గుచ్చితే శబ్దం పీచుగా, రేకు డబ్బా గీకినట్టు వస్తుంది. ఇలాంటి పీజో రకం మైకుకి ఎదుటి ఇన్‌పుట్ చాలా పెద్ద ఇంపెడెన్స్‌లో, అంటే కరెంటుకి ఎక్కువ అడ్డు చూపేలా, ఉండాలి. మామూలు మైకు సాకెట్టుకి అది ఉండదు కాబట్టి మంద్రం మొత్తం కారిపోతుంది. మధ్యలో డీఐ బాక్సో, ప్రీయాంపో పడాలి. హాలు దగ్గర ఉన్నది ఒకటే, అది వీణకే ఇప్పించండి. వయొలిన్‌కీ పికప్ తెచ్చుకునేవాళ్లు ఎవరి బాక్సు వాళ్లు తెచ్చుకోవాలి. రెండు స్పీకర్లలో ఒకటి ఆపించి, రెండోదాన్ని స్టాండు మీద నుంచి దించి నేల మీద, లాడం బయట, వీణకి నాలుగైదు అడుగుల దూరంలో, పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టించండి. వీణ వాయించేవారి చెవికి సొంత వీణ కన్నా కొంచెం పెద్దగా వినపడేంత వరకే పెంచాలి. అంతకు మించితే మెట్టు మీద వేలు జారే గీతచప్పుడు కూడా కచేరీ చేస్తుంది.

ఎవరికైనా గొంతు బాగోక మైకు తప్పనిసరైతే, స్పీకరు ఆ మైకు వీపు వైపు ఉండాలి. హృదయాకారం బొమ్మ ఉన్న మైకులు వెనకనుంచి వచ్చేది దాదాపు వినవు. ఇంకా సన్నగా వినే సూపర్‌కార్డియాయిడ్ రకమైతే సరిగ్గా వీపు దగ్గర కొంచెం వింటుంది, వెనక పక్కలకి వినదు. అప్పుడు స్పీకరుని కాస్త ఓరగా జరపాలి. పాట మైకుకి వంద హెర్ట్జ్ కిందున్న బరువు శబ్దాన్ని మిక్సరు బటనుతో కోయించండి, ఉఫ్‌మనే గాలి చప్పుడు పోతుంది. మృదంగం ఎడమమూతకి మైకు పెట్టారా, ఆ బటను మాత్రం ముట్టనివ్వద్దు. నోటికీ మైకుకీ ఆరంగుళాలుంటే మైకుకీ మైకుకీ అడుగున్నర తగ్గకూడదు, లేకపోతే ఒక గొంతు రెండింట్లో పడి గుల్లగా వినపడుతుంది.

స్టాండులు మాత్రం దండగ. అన్నీ నిలబడి పాడేవాళ్ల కోసం కొన్నవే. నేల మీద కూర్చున్నవాళ్లకి వాటి చెయ్యి వంచి కిందికి దించితే బరువు ఒకవైపు పడి మెల్లగా వాలిపోతాయి, అదీ ఆలాపన మధ్యలో. హాలువాళ్లు పొట్టి స్టాండులు నాలుగు కొంటే ఒక చుక్కలో సగం తిరిగి ఇచ్చెయ్యొచ్చు.

స్పీకర్లో సన్నగా గుయ్‌మని ఒకటే శ్రుతిలో మోత వస్తుంటే ఆపరేటరు మీద కేకలెయ్యకండి. ఎవరో రికార్డింగుకి లాప్‌టాప్‌ని మిక్సరుకి కలిపి, దాని ఛార్జరు వేరే గోడ ప్లగ్గులో పెట్టి ఉంటారు. రెండు చోట్ల ఎర్తింగు కలిసి 50 హెర్ట్జ్ మోత తిరుగుతుంది. ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే ఆగుతుంది. మన కూడికకి ఫోన్ రికార్డింగు చాలు. లాడం తెరిచిన వైపు ఆరేడు అడుగుల దూరంలో, కుర్చీ మీద తువ్వాలు మడతేసి దాని మీద, ఏరోప్లేన్ మోడ్‌లో. నేల మీద పెడితే తాళమే పడుతుంది.

కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుంటుంది. లైట్లకీ ఫ్యాన్లకీ సరిపోతుంది గానీ మిక్సరు కూడా దాని లైను మీదే ఉంది. అది స్క్వేర్ వేవ్ రకం కావడంతో కరెంటు పోయిన క్షణం నుంచి స్పీకర్లో జుర్రుమని కందిరీగల తుట్టె లేచినట్టుంటుంది. అప్పుడు స్పీకరు ఆపేసి మైకు లేకుండా కానిచ్చెయ్యడమే. జనరేటరు ఉంది, డీజిల్ డబ్బులు వేరే. మెట్ల కిందే పెట్టారు కాబట్టి దాని మోత ముందు వీణ ఎలాగూ వినపడదు.

గోడల మీద ఫొటోలు చూసి సంతోషం వేస్తుంది. ఈ పక్క శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు. ముగ్గురికీ అద్దాల ఫ్రేములే. మేకుకి వదులుగా వేలాడుతున్నాయి. మృదంగం ఎడమమూత ఒకానొక శ్రుతికి వచ్చినప్పుడు మధ్య ఫ్రేము అద్దం చిర్రుమంటుంది. ఆ శబ్దం వీణ మెట్టు వదులైనప్పుడు వచ్చేదానిలాగే ఉండి, మెట్లని పట్టి ఉంచే మైనం కరిగిందేమోనని పాపం వీణవాళ్లు మెట్లన్నీ వెతుక్కుంటారు. ఫ్రేము వెనక కాగితం నాలుగు మడతలు వేసి దూర్చండి.

నాలుగు గంటల్లో శ్రుతులు మార్చడానికే గంట పోతుంది, వరస సరిగ్గా వేసుకోకపోతే. అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు: మగవాళ్లు ఒకటీ, ఒకటిన్నర. ఆడవాళ్లు ఐదూ, ఐదున్నర. వీణ మూడు అటూ ఇటూ. ఎవరు ముందొస్తే వాళ్లు పాడటమనే పద్ధతి పెడితే మృదంగం మేష్టారు బిగించడంతోనే సరి. తక్కువ శ్రుతి నుంచి మొదలెట్టండి. 24 అంగుళాల తగ్గు మృదంగంతో మగవాళ్లు, తర్వాత వీణ విడిగా, ఆ తర్వాత 22 అంగుళాల హెచ్చు మృదంగంతో ఆడవాళ్లు. రెండు మృదంగాలూ ముందే శ్రుతి చేసి పెట్టుకుంటే మధ్యలో పది నిమిషాల విరామం చాలు. హిందోళం, శ్రీరంజని లాంటి పంచమం లేని రాగాలు ఎత్తుకునేముందు పంచమంలో ఉన్న తంబురాని మధ్యమానికి మార్చడం మరిచిపోకండి. హాలు ఇచ్చే ఎలక్ట్రానిక్ తంబురాకి ఆ మీట బిర్రుగా ఉంది, తిరిగినట్టే ఉండి తిరగదు. ఎవరిది వాళ్లు తెచ్చుకోవడం మంచిది.

అందరూ కలిసి గోష్ఠిగా పాడటం దగ్గరే అసలు తకరారు. ఒకటిన్నరలో పెడితే ఆడవాళ్లకి మంద్రం అందదు, ఐదులో పెడితే మగవాళ్లు తారస్థాయిలో మొహం మొహం చూసుకుంటారు. మూడు, మూడు దాటి నాలుగు – అక్కడ ఇద్దరికీ చెరిసగం ఇబ్బంది, అంతకన్నా న్యాయం లేదు. త్యాగరాజు ఘనరాగ పంచరత్న కీర్తనలు ఐదూ ఆదితాళమే కాబట్టి తాళం దగ్గర గొడవ రాదు. గొడవంతా పాఠాంతరం దగ్గర, అంటే ఎవరి గురువు నేర్పిన తీరు వారిది కావడం దగ్గర. ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతులు ఒకరి గురువుగారు ఐదు చెబితే ఇంకొకరి గురువుగారు ఏడు. పిల్లలకి నేర్పి నేర్పి ఎవరి దారి వాళ్ల నాలిక మీద గడ్డకట్టి ఉంటుంది. హాలులోని తెల్లబోర్డు ఇందుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. పల్లవికి ఎన్ని, అనుపల్లవికి ఎన్ని, ఏ చరణం ఎవరు అందుకుంటారో అంకెలు వేసి పెట్టుకుంటే మధ్యలో ఆగక్కర్లేదు. మార్కరు పెన్ను తెచ్చుకోండి, అక్కడున్నవి మూడూ ఎండిపోయాయి.

టిఫిను కింద హోటలు నుంచి తెప్పిస్తారు. పెసరట్టు ఉప్మా బాగుంటుంది. అల్లం పచ్చడి పాడేముందు మానుకుంటే గొంతుకి మంచిది, పాడాక ఎంతైనా. కాఫీ పంచదార పాకం. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉండదు. వీణవాళ్ల వేళ్లకి కొబ్బరినూనె, వయొలిన్‌వాళ్ల కమానుకి రాసే రోజిన్ బంక – ఈ రెండూ ఒకే తువ్వాలు మీద కలిశాయంటే కమాను తీగ మీద జారిపోతుంది. తువ్వాళ్లు వేరుగా ఉంచుకోవాలి. మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంది.

మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. వీణని కుండ వైపు ముందు పెట్టి ఎక్కించండి. రెండో కొసనున్న యాళిముఖం ముందుంటే మలుపు దగ్గర రెయిలింగుకి తగులుతుంది. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇది చూసుకునే బుక్ చెయ్యండి. సాయంత్రం పూట కూడా ఇస్తారు గానీ నాలుగువైపులా మూసిన చోట తప్ప రాత్రి పదికి లౌడ్‌స్పీకరు ఆపాలన్నది 2000 నాటి శబ్దకాలుష్య నిబంధన. మైకు లేకుండా పాడుకునేవాళ్లకి దాంతో పనిలేకపోయినా సందు అవతలంతా ఇళ్లే. పొద్దున్న పూటే అన్నివిధాలా మేలు.

చివరగా, ఒంటిగంట అంటే ఒంటిగంటే. మధ్యాహ్నం ఫంక్షనువాళ్లు మెట్ల మీద డేగిశాలతో నిలబడి ఉంటారు, వాచ్‌మన్ వచ్చి మెయిన్ దించేస్తాడు. మిక్సరు, స్పీకరు ఆన్‌లో ఉండగా అలా చేస్తే ఢబ్‌మని పేలినట్టు శబ్దం వస్తుంది, స్పీకరు కోనుకీ మంచిది కాదు. పన్నెండూ ముప్పావుకే ముందు స్పీకరు, తర్వాత మిక్సరు ఆపించి, మంగళం మైకు లేకుండా పాడేసుకోండి.